గుమ్మటం కడితే ఇన్యూట్ ఇల్లవుతుందా? అపోహలు – వాస్తవాలు

ఒకటో తరగతి చార్టులో ‘ఐ’ దగ్గర ఐస్‌క్రీమ్ లేకపోతే ఇగ్లూ ఉంటుంది. తెల్లటి గుమ్మటం, ముందు చిన్న సొరంగం, పక్కన బొచ్చు టోపీ పెట్టుకుని నవ్వుతున్న మనిషి. ఇగ్లూని కళ్లారా చూసినవాళ్లు మనలో దాదాపు లేరు, ఆ బొమ్మ వేయలేనివాళ్లూ లేరు. చిక్కేమిటంటే, ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఇన్యూట్ జనానికి ఇళ్లు కట్టించిన అధికారులు, ఇంజనీర్లు కూడా చాలాకాలం ఆ చార్టు దాటి రాలేదు. కొందరు ఆ గుమ్మటాన్నే ప్లాస్టిక్‌తో కట్టి చూశారు. మిగతావాళ్లు దాన్ని పక్కన పడేసి, టొరంటో శివార్లలో కనిపించే ఇంటి ప్లానునే గడ్డకట్టిన నేల మీదికి తెచ్చారు.

ఇన్యూట్‌లు గ్రీన్‌లాండ్‌లో, అలాస్కాలో కూడా ఉన్నారు. ఇక్కడ చెప్పేది కెనడా సంగతి. 2021 జనగణన ప్రకారం అక్కడ వాళ్ల సంఖ్య సుమారు 70 వేలు. మూడింట రెండు వంతులకు పైగా తమ సొంత గడ్డ అయిన ఇన్యూట్ నునాంగాట్‌లోనే ఉంటున్నారు. నునావుట్, నునావిక్, నునాత్సియావుట్, ఇనువియాలుయిట్ అనే నాలుగు ప్రాంతాలు కలిస్తే అది.

అపోహ: పూర్వం ఇన్యూట్‌లు ఏడాది పొడవునా మంచు ఇళ్లలోనే ఉండేవాళ్లు.

వేసవిలో మంచే లేనిచోట మంచు ఇల్లెక్కడిది? ఎండాకాలంలో సీలు చర్మాలతో, కారిబూ అనే ధ్రువపు జింక చర్మాలతో కుట్టిన టూపిక్ అనే గుడారంలో ఉండేవాళ్లు. చాలా చోట్ల రాళ్లు, పచ్చిక గడ్డలు పేర్చి, తిమింగలం ఎముకలు వాసాలుగా వేసి కర్మాక్ అనే ఇల్లు కట్టుకునేవాళ్లు. అలాస్కాలో కొట్టుకొచ్చిన దుంగలు, మట్టి వాడారు. చలికాలమంతా మంచు ఇంట్లోనే గడపడం ప్రధానంగా మధ్య కెనడా ఆర్కిటిక్ వాళ్ల పద్ధతి. మిగతా చోట్ల వేటకో ప్రయాణానికో వెళ్లినప్పుడు రాత్రి తలదాచుకోవడానికి వేసుకునేదే ఎక్కువ.

మన కళ్లకు కట్టిన ఆ బొమ్మలో సినిమా పాత్ర కూడా ఉంది. రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ 1922లో విడుదలైంది. మంచు ఇంట్లో కుటుంబం నిద్ర లేచే దృశ్యం తీయడానికి లోపల వెలుతురు చాల్లేదు. అందుకని ఇంటిని సగానికి కోసేసి, బయటి చలిలోనే వాళ్లను పడుకోబెట్టి, లేపి, చిత్రీకరించారు. ప్రపంచమంతా చూసి మెచ్చుకున్న ఇగ్లూ జీవితం నిజానికి ఒక పక్క గోడ లేని సెట్టు. సినిమా తీసింది ఇనుక్జువాక్ దగ్గర. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

అపోహ: సంస్కృతికి తగిన ఇల్లంటే గుండ్రటి ఇల్లు.

అన్ని అపోహల్లోకీ ఇది మొండిది. ఎందుకంటే దీని వెనక సదుద్దేశం ఉంది. 1950లలో కెనడా ప్రభుత్వం కేప్ డోర్సెట్‌లో (ఇప్పటి కింగైట్) స్టైరోఫోమ్ ఇగ్లూలు కట్టించి చూసింది. ప్రయోగం ప్రయోగంగానే మిగిలింది. 1958లో ఫ్రోబిషర్ బే (ఇప్పటి ఇకాలుయిట్) కోసం ఊరి నడిబొడ్డున పెద్ద కాంక్రీటు గుమ్మటం వేసే ప్రణాళిక గీశారు, అది కాగితం దాటలేదు. 1970లలో రాల్ఫ్ ఎర్స్‌కిన్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ రెజల్యూట్‌లో గాలిని అడ్డుకునే పొడవాటి గోడలాంటి భవనం చుట్టూ ఊరు కట్టాలనుకున్నాడు. కొంత కట్టాక అదీ ఆగిపోయింది. ఇకాలుయిట్‌లోని సెయింట్ జూడ్ చర్చి మాత్రం గుమ్మటం ఆకారంలోనే ఉంది. 2005లో దుండగులు నిప్పు పెడితే అదే ఆకారంలో మళ్లీ కట్టుకున్నారు. గుడికి ఆ రూపం బాగానే ఉంటుంది. పది మంది కాపురానికి, ఫ్రీజర్‌కి, మంచాలకి వంకర గోడతో ఏం పని?

మంచు ఇంటి నుంచి నేర్చుకోవలసింది దాని లోపల ఉంది. వాకిలి దిగువన, పడకల అరుగు వెనక ఎత్తున ఉంటాయి. చల్లటి గాలి కిందనే ఆగుతుంది, వెచ్చటి గాలి పైకెక్కి పడుకున్నవాళ్ల దగ్గర నిలుస్తుంది. అరుగు అంచున కుల్లిక్, అంటే సీలు కొవ్వుతో వెలిగే రాతి దీపం. దాని వత్తిని సర్దుతూ మంట చూసుకునేది ఇంటి ఇల్లాలు. ఆమె కూర్చున్న చోటి నుంచి చర్మం నమిలి మెత్తబరిచే అవ్వ, పనిముట్టు చెక్కుకునే మగవాడు, ఆడుకునే పిల్లలు అందరూ కనిపిస్తారు. ఇంటిల్లిపాదీ వరసగా ఒకే అరుగు మీద పడుకుంటారు. చుట్టాలొస్తే? పక్కన ఇంకో గుమ్మటం కట్టి మధ్యలో దారి కలిపేస్తారు. ఫ్రాంజ్ బోయాస్ 1888లో ప్రచురించిన గ్రంథంలో ఇలా కలిపి కట్టిన ఇళ్ల పటాలు ఉన్నాయి. కుటుంబంతో పాటు ఇల్లూ పెరిగేది. 1960లలో ప్రభుత్వం ఇచ్చిన ఇంటికి ఈ గుణం ఒక్కటీ లేదు.

అపోహ: ఆధునిక ఇళ్లు కావాలని వాళ్లే ఊళ్లకు తరలివచ్చారు.

కొందరు వచ్చారు. చాలామంది రావలసి వచ్చింది. పిల్లల్ని బడికి పంపకపోతే ప్రభుత్వం ఇచ్చే కుటుంబ భత్యం ఆగిపోతుందన్న భయం ఒకటి. క్షయ సోకినవాళ్లను ఓడలెక్కించి దక్షిణ కెనడా ఆసుపత్రులకు తీసుకుపోవడం ఇంకొకటి. స్లెడ్జి కుక్కల్ని పోలీసులు కాల్చేశాక వేటకు వెళ్లే దారే మూసుకుపోయిన కుటుంబాలున్నాయి. 1953లో ఇనుక్జువాక్ నుంచి (ఫ్లాహర్టీ సినిమా తీసిన ఊరే) కొన్ని కుటుంబాలను ఎక్కడో ఉత్తరాన ఉన్న గ్రీజ్ ఫియోర్డ్, రెజల్యూట్‌లకు తరలించారు. దీనికి కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పడానికి 2010 దాకా పట్టింది.

అలా చేరినవాళ్లకు 1959 తర్వాత ఇచ్చినవి ప్లైవుడ్‌తో చేసిన ఒంటిగది ఇళ్లు. వాటికి జనం పెట్టిన పేరు ‘అగ్గిపెట్టెలు’. నూనె పొయ్యి, మరుగుదొడ్డికి ఒక బకెట్, అంతే. తర్వాత గదులు పెరిగాయి, కానీ గదుల లెక్క మాత్రం దక్షిణాదిదే. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, భోజనాల బల్ల, సోఫా.

అపోహ: ఇళ్లను వాళ్లే పాడు చేసుకుంటారు.

ఈ మాట ఉత్తరాదికి ఉద్యోగాల మీద వెళ్లొచ్చినవాళ్ల నోట తరచుగా వినిపిస్తుంది. నేల మీద నెత్తురు మరకలు, కిటికీల చుట్టూ నల్లటి బూజు, విరిగిన తలుపు. చూడ్డానికి నిర్లక్ష్యంలాగే ఉంటుంది.

ఒక్కొక్కటే తీసుకుందాం. నెత్తురు మరకలు: వేటగాడు సీలునో కారిబూనో తెస్తే దాన్ని ఎక్కడ కోయాలి? మన పాత ఇళ్లకు పెరడు ఉన్నట్టు, మురికి పనికి అక్కడ ఒక చోటు లేదు. బయట మైనస్ 30. అందుకని గది మధ్యలో అట్టపెట్టెలు విప్పి పరిచి, చుట్టూ కూర్చుని, ఊలూ అనే అర్ధచంద్రాకారపు కత్తితో కోసుకుంటారు. తినేదీ అక్కడే, పంచేదీ అక్కడే. వచ్చిన ప్రతివాళ్లకూ వాటా ఉంటుంది. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు వేసిన భోజనాల మూల ఈ పనికి కొరగాదు, అందుకే అది సామాన్ల దొంతరగా మారుతుంది.

కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు శాస్త్రవేత్త పీటర్ డాసన్ ఆర్వియట్ ఊళ్లో ఇలాంటి ఇళ్లను పరిశీలించాడు. ప్లాను గదులుగా విడగొట్టినా కుటుంబాలు ఒకే పెద్ద గదిలో చేరి పనులన్నీ అక్కడే కానిస్తున్నాయని, ఇంటి అమరిక వాళ్ల అలవాట్లకు ఎదురీదుతోందని చూపించాడు. చర్మాలు చల్లగా ఉంటేనే పాడవకుండా ఉంటాయి, వాటికి చోటు లేదు. స్నోమొబైల్ ఇంజను విప్పాలంటే వెచ్చటి చోటు కావాలి, అదీ లేదు. విప్పిన ఇంజను హాల్లోకే వస్తుంది.

ఇక బూజు. 2021 జనగణన ప్రకారం ఇన్యూట్ నునాంగాట్‌లోని ఇన్యూట్‌లలో 52.9 శాతం మంది కిక్కిరిసిన ఇళ్లలో ఉన్నారు. 32.7 శాతం మంది ఇళ్లకు పెద్ద మరమ్మతులు అవసరం. నలుగురి కోసం లెక్కేసిన ఇంట్లో పది మంది ఊపిరి, వంట ఆవిరి, ఉతికిన బట్టల తడి. చలికి కిటికీలు తెరవరు. ఆ తేమంతా చల్లటి గోడ మూలకు చేరి నీరవుతుంది, అక్కడే బూజు మొదలవుతుంది. పాత గాలిలోని వేడిని కొత్త గాలికి ఎక్కించే యంత్రాలు బిగిస్తారు. కానీ వాటి ఫిల్టర్లు మార్చేవాళ్లు దొరక్కపోయినా, లోపల మంచు పేరుకున్నా అవి ఉన్నా లేనట్టే. పనిచేస్తే మాత్రం తేడా ఉంటుంది. బాఫిన్ ప్రాంతంలో పసిపిల్లలున్న ఇళ్లలో వీటిని బిగించి డాక్టర్ థామస్ కొవేసి బృందం చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఆ ఇళ్ల పిల్లల్లో పిల్లికూతలు, ముక్కు కారడం తగ్గాయని తల్లిదండ్రులు చెప్పారు.

తలుపు విరగడానికి కారణం ఒక్కోసారి తలుపులో ఉండదు. ఇంటి వేడి నేలకు తగిలితే శాశ్వతంగా గడ్డకట్టి ఉన్న నేల కరుగుతుంది. అందుకే కంకర దిమ్మ మీద ఇంటిని ఎత్తి, కింద గాలి పారేలా కడతారు. చాలా ఇళ్లు తిప్పి సరిచేసుకునే జాకీల మీద నిలబడతాయి. వాటిని ఎప్పటికప్పుడు సరిచూడకపోతే చట్రం మెలి తిరుగుతుంది. తలుపు పట్టేస్తుంది, గట్టిగా లాగితే విరుగుతుంది. తలుపు ఎటువైపు పెట్టారన్నదీ ముఖ్యమే. వీచే గాలిని పట్టించుకోకుండా పెడితే తుఫాను వెలిసేసరికి వాకిలి నిండా మంచు దిబ్బ. అటక మీది గాలి రంధ్రాల సంగతి సరేసరి. పిండిలాంటి మంచు వాటిలోంచి దూరి, లోపల కరిగి, కప్పు కారుతుంది. దక్షిణాదిలో కప్పుని కాపాడే ఏర్పాటే అక్కడ కప్పుకి చేటు.

ఇన్ని జరిగాక అద్దెకున్నవాళ్లను తప్పుపట్టడం నాకు సబబుగా తోచదు. అప్పటి నునావుట్ ఎంపీ ముమిలాక్ కకాక్ 2020లో ఇల్లిల్లూ తిరిగి, 2021లో ఇచ్చిన నివేదికలో ఈ బూజు గోడలే నిండా ఉన్నాయి.

అపోహ: ఇరుకుగా కలిసుండటం వాళ్ల సంప్రదాయం, దాన్ని సమస్య అనకూడదు.

కలిసుండటం సంప్రదాయమే. వంతులవారీగా పడుకోవడం ఎవరి సంప్రదాయమూ కాదు. వేరుపడదామన్నా, పక్కన ఇంకో గుమ్మటం కట్టుకునే వెసులుబాటు ఇప్పుడు లేదు. చలికి రోడ్డు మీద పడుకోవడం కుదరదు కాబట్టి ఇల్లులేనివాళ్లు చుట్టాల సోఫాల మీద ఉంటారు, లెక్కల్లో కనబడరు. ఫలితం ఆసుపత్రుల్లో కనబడుతుంది. కెనడాలో పుట్టిన ఆదివాసేతరులతో పోలిస్తే ఇన్యూట్‌లలో క్షయ దాదాపు 300 రెట్లు ఎక్కువని 2018లో ప్రభుత్వమే ఒప్పుకుని, 2030 కల్లా దాన్ని నిర్మూలిస్తామంది.

అపోహ: తగిన ఇల్లు ఎలా ఉండాలో ఎవరికీ తెలియదు, ఇంకా పరిశోధన కావాలి.

వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. మాంసం, చర్మాలు పెట్టుకునే చల్లటి వసారా. దాని వెనక బట్టలు ఆరబెట్టుకునే వెచ్చటి వసారా. వంటగదీ హాలూ కలిసిన పెద్ద గది. నెత్తురు కడిగినా చెడని నేల. జంతువు తొడ పట్టేంత తొట్టి. సముద్రం మీద మంచు ఎలా ఉందో, ఎవరు తిరిగొస్తున్నారో కనిపించేలా కిటికీ. 2012లో నునావిక్‌లోని కూజువాక్‌లో స్థానికులతో కూర్చుని మాట్లాడాక, క్వాక్‌టాక్ ఊళ్లో 2015లో ఒక జంట ఇల్లు నమూనాగా కట్టారు. బయటి నుంచి చూస్తే అందులో ‘ఇన్యూట్’ అనిపించేది ఏదీ కనబడదు. చల్లటి వసారా, వెచ్చటి వసారా, విశాలమైన ఉమ్మడి గది మాత్రం ఉన్నాయి.

అపోహ: బోలెడంత నేల ఉంది, అమ్మేసి ఎవరి ఇల్లు వాళ్లను కట్టుకోమంటే పోతుంది.

నునావుట్‌లో 25 ఊళ్లున్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. చెట్లు పెరగని నేల కాబట్టి మేకు నుంచి దూలం దాకా అన్నీ దక్షిణాది రేవుల నుంచి ఓడల మీద రావలసిందే. ఆ ఓడలు సముద్రం కరిగిన కొద్ది నెలలే తిరుగుతాయి. ఒక తలుపు చట్రం కొలత తప్పొస్తే మరుసటి వేసవి దాకా ఆగాలి, లేదా విమానం కిరాయి కట్టుకోవాలి. ఇల్లు లేచాక కూడా చాలా ఊళ్లలో నీళ్లు లారీలో వస్తాయి, మురుగు లారీలో పోతుంది. మురుగు ట్యాంకు నిండితే నీటి పంపు దానంతటదే ఆగిపోతుంది. తుఫానులో లారీ రాకపోతే ఇంట్లోవాళ్లంతా కాచుకుని కూర్చోవాలి. ఈ ఖర్చులన్నీ సొంతంగా భరించగలవాళ్లు కొద్దిమందే. అందుకే ఎక్కువమంది ప్రభుత్వ అద్దె ఇళ్లలో ఉన్నారు.

నేల అమ్మకం గురించి వాళ్లను అడిగారు కూడా. ఊరి పరిధిలోని భూమిని అమ్మనివ్వాలా అని 2016లో ఓటింగు పెడితే ప్రతి ఊరూ వద్దంది. 1995లోనూ అదే జవాబు. స్థలం కౌలుకే దొరుకుతుంది. 2030 కల్లా 3,000 ఇళ్లు కడతామని నునావుట్ ప్రభుత్వం 2022లో ప్రకటించింది, ఇన్యూట్‌ల సొంత నిర్మాణ సంస్థ ఎన్‌సీసీ అందులో భాగస్వామి. అయినా ఎవరు ఏ ఇల్లు కట్టాలన్నా ముందు కంకర దిమ్మ పోసి సిద్ధం చేసిన స్థలం ఉండాలి. ఆ 3,000 ఇళ్లలో ఎన్నింటికి చల్లటి వసారా ఉంటుందన్నది ఇప్పుడు గట్టిగా అడగవలసిన ప్రశ్న. ఓడ బయల్దేరాక ప్లాను మార్చడం కుదరదు.