కంప్యూటరులో దాచుకున్నవి భద్రమేనా?

ఈ దేశానికి వచ్చిన కొత్తలో మన విలువైన సామానంతా ఒక్క సూటుకేసులో ఇమిడేది. సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బము, ఇంటి దగ్గరి నుంచి వచ్చిన ఉత్తరాలు. ఇప్పుడవన్నీ కంప్యూటరులోకి చేరాయి. పాసుపోర్టు నకళ్ళు, పన్ను కాగితాలు, పిల్లల పుట్టినరోజు వీడియోలు, ఊరికి వెళ్ళినప్పుడు అమ్మమ్మగారి చేత పాడించి రికార్డు చేసుకున్న మంగళహారతులు కూడా ఒకే డిస్కు మీద ఉంటున్నాయి. డిస్కు ఏదో ఒకనాడు పాడవక తప్పదు. పన్ను కాగితాల నకళ్ళు మళ్ళీ తెప్పించుకోవచ్చు. అమ్మమ్మగారి గొంతు మళ్ళీ రాదు.

అందుకే నకలు తీసి ఉంచుకోవాలి. దీనికి ఇంజనీరే కానక్కరలేదు. ఆవకాయ పెట్టడం తెలిసిన ఇంట్లో ఈ సూత్రం తెలిసినదే. పెద్ద జాడీ వాసెన కట్టి అటక మీద ఉంటుంది, రోజువారీ వాడకానికి చిన్న జాడీ. చిన్నదానిలో తడి గరిటె పడినా పెద్దది చెడదు.

అమెరికా ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇలాంటిదే. ప్రతి ఫైలుకు 3 ప్రతులు ఉండాలి. అవి 2 రకాల సాధనాల మీద ఉండాలి. వాటిలో 1 ఇంటి బయట ఉండాలి. 1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ చిత్రం ఫైళ్ళు చాలావరకు పొరపాటున చెరిగిపోయాయి. నకళ్ళు తీసుకో చూస్తే అవి సరిగా పనిచేయలేదు. పసిబిడ్డ తల్లిగా ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సస్మన్ గారి కంప్యూటరులోని ప్రతే చివరకు అక్కరకు వచ్చింది.

చేయవలసినది

కంప్యూటరు కన్నా రెట్టింపు పట్టే బయటి డిస్కు ఒకటి కొని తగిలించండి. విండోసులో ‘ఫైల్ హిస్టరీ’, మాకింటోషులో 2007 నుంచి ఉన్న ‘టైమ్ మెషీన్’ ఆ పని చేసిపెడతాయి. మొదటిసారి రాత్రంతా పట్టవచ్చు. తరువాత మారినవి మాత్రమే చేరుతాయి. ఫైల్ హిస్టరీ డాక్యుమెంట్లు, ఫోటోలు, డెస్కుటాపు వంటి చోట్ల ఉన్నవాటినే దాస్తుంది. ప్రోగ్రాములను దాచదు, వాటిని మళ్ళీ ఎక్కించుకోవాలి.

పని కాగానే డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టండి. 2017 మే నెలలో ‘వానాక్రై’ అనే వైరసు బ్రిటనులోని ఆసుపత్రుల కంప్యూటర్లకు సైతం తాళం వేసి డబ్బు అడిగింది. అలాంటివి తగిలించి ఉన్న డిస్కునూ వదలవు.

‘మావన్నీ క్లౌడులో ఉన్నాయి’ అని నిశ్చింతగా ఉండరాదు. ఫోనులో తుడిచేసిన ఫోటో అక్కడా తుడిచిపెట్టుకుపోవచ్చు. గూగుల్ ఫోటోసులో అలా తీసేసినవి 60 రోజులు చెత్తబుట్టలో ఉండి, ఆ తరువాత శాశ్వతంగా పోతాయి.

తిరిగి రాబట్టడం

నకలు ఉంటే చాలదు, అది తెరుచుకోవాలి. ఉగాదికి ఒకసారి, దీపావళికి ఒకసారి ఆ డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి ఒక ఫోటో, ఒక ఉత్తరం, ఒక పాట తెరిచి చూడండి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు వ్యాసాలుంటే జాగ్రత్త. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. ఇప్పుడే వాటిని పీడీఎఫ్‌గా కూడా దాచండి.

డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే వెంటనే ఆపివేయండి. పొరపాటున ఫైలు చెరిగితే, ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ వ్రాయకండి.

పాస్‌వర్డులు, విండోసు ‘బిట్‌లాకర్’ అడిగే 48 అంకెల తాళం సంఖ్య కాగితం మీద వ్రాసి, ఇంటి కాగితాలతో పాటు ఉంచండి. ఆ కాగితం ఎక్కడ ఉన్నదో భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. ఒకరు ఆసుపత్రిలో ఉన్న రోజున బీమా కాగితం కావలసి వస్తే రెండవవారు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఇక ఇంటి బయట ఉండవలసిన ఆ ఒక్క ప్రతి మాట. పెద్దల పాటలు, ఫోటోలు ఒక డిస్కు మీద ఎక్కించి, ఈసారి ఊరు వెళ్ళేటప్పుడు అక్కకో, బాబాయికో ఇచ్చి రండి. వారూ చూసుకుంటారు, మనకూ ఒక ప్రతి భద్రంగా ఉంటుంది.