కృష్ణసారం తిరుగాడే నేల

కృష్ణసారమనే జింక సహజంగా సంచరించే దేశమే యజ్ఞయోగ్యమైనదని మనుస్మృతి చెబుతున్నది. ఆ మృగమే మనం కృష్ణజింక అని పిలిచే మన రాష్ట్ర జంతువు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల రేగడి చేలలో నేటికీ దాని మందలు కనిపిస్తాయి. మంత్రాలయ యాత్రకు ఈ దారిన వచ్చే భక్తులలో కొందరైనా వాటిని చూసే ఉంటారు.

ఒక ప్రాంతంలోని చెట్టుచేమలు, పశుపక్ష్యాదులు, క్రిమికీటకాల వైవిధ్యాన్నీ, అవి ఒకదానిపై ఒకటి ఆధారపడి జీవించే తీరునూ కలిపి జీవవైవిధ్యం అంటారు. దట్టమైన అడవిలోనే అది ఉంటుందనుకోరాదు. వానలు తక్కువైన ఈ సీమలో గడ్డి బీళ్లే దానికి పట్టుగొమ్మలు. గడ్డి మట్టిని కోత నుండి కాపాడుతుంది, జింకకు మేతవుతుంది, అందులోని మిడతలు పక్షులకు ఆహారమవుతాయి. శత్రువును దూరం నుండే పసిగట్టి పరుగెత్తే కృష్ణజింకకు బయలు నేలయే రక్ష.

అటువంటి నేలను మనం బంజరు అన్నాము. దున్నినా, తవ్వినా అడిగేవారు లేకపోయారు. గడ్డి తరిగిన చోట జింక పంటచేలో దిగింది. మొలకదశలోనే పత్తిని, శనగను మందలు మేసిపోతే రైతు మళ్లీ విత్తనం కొనవలసిందే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడడం నేరం. రైతు నష్టాన్ని విస్మరించి జింకను కాపాడమనడం న్యాయం కాదు. జింకను హతమార్చడం ధర్మం కాదు.

పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. నేలమీద సాధారణంగా ఒకే గుడ్డు పెట్టే ఆ పక్షికి బీళ్లు తగ్గడం, చుట్టుపక్కల పంటల తీరు మారడం, కుక్కలు, విద్యుత్ తీగలు ప్రాణాంతకమయ్యాయి. దేశమంతటా సహజ ఆవాసాలలో అవి నేడు రెండు వందలకు మించవని అంచనా. జీవిని కాపాడడానికి ఒక్క కంచె చాలదని ఈ ఉదంతం బోధిస్తున్నది.

భక్తులు తెల్లవారుజామున, సాయంసంధ్యలో ఈ దారిలో వాహనాలను నెమ్మదిగా నడపాలి. జింకలకు తినుబండారాలు వేయరాదు; ప్లాస్టిక్ సంచులు పారవేయరాదు. గాయపడిన జింక కనిపిస్తే అటవీశాఖకు తెలపాలి. దాతలు గట్టులేని పాడుబావికి గోడ కట్టించినా, నష్టపోయిన రైతుకు విత్తనాలిచ్చినా, ఊరి బీడును బీడుగా నిలిపినా అది భూతదయయే. అన్నదానమెంత పుణ్యమో, మూగజీవికి దాని మేతనేలను మిగల్చడమూ అంతే పుణ్యం.