వేసవి సెలవుల్లో మన చరిత్ర వెతుకుదాం

ప్రియమైన తమ్ముళ్ళకు,

ఏప్రిల్ చివర హాస్టల్ మూస్తారు. ట్రంకు పెట్టె సర్దుకుని ఊరెళ్ళాక మనలో చాలామందికి కూలిపని తప్పదు. మేమూ అలా వెళ్ళినవాళ్ళమే. ఫీజు కట్టే పిల్లలకు సమ్మర్ క్యాంపులున్నాయి. చరిత్ర పరిశోధనకు మాత్రం ఒక నోటుబుక్కు, బస్సు చార్జీ ఉంటే చాలు.

పొన్నూరు నుంచి గుంటూరు పోయే దారిలో చేబ్రోలు ఉంది. అక్కడి భీమేశ్వరాలయం దగ్గర దొరికిన సంస్కృత శాసనం శాతవాహన రాజు విజయుని కాలానిదని, క్రీ.శ. 207 నాటిదని 2019లో పురావస్తు శాఖ ప్రకటించింది. రేపల్లె వైపు భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్వితే అక్షరాలు చెక్కిన ధాతు భరిణెలు బయటపడ్డాయి. అప్పటికే ఆ స్తూపం ఇటుకలు రోడ్డుకు, పాలరాయి కాలువ తూముకు పోయాయి. విలువ తెలియకపోతే చరిత్ర అలాగే పోతుంది.

పాత పత్రికలు చూడాలంటే నిడుబ్రోలు నుంచి రైలు దారిలో బాపట్ల, చీరాల దాటి వేటపాలెం వెళ్ళాలి. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది.

అయితే శాసనాల్లో రాజుల పేర్లుంటాయి, మన తాతల పేర్లుండవు. 1977 నవంబరు 19 ఉప్పెన రోజున పదేళ్ళున్నవారికి ఇప్పుడు అరవై వస్తున్నాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు మన వాడలు ఏం అనుభవించాయో పెద్దలకే తెలుసు. వాళ్ళు ఉండగానే అడిగి రాసుకోవాలి. బాధ కలిగి చెప్పలేమంటే బలవంతం చేయవద్దు.

పద్ధతి ఇదీ: ఒకే ప్రశ్న తీసుకోండి. మన వాడకు మొదటి బడి ఎప్పుడు వచ్చింది? మంచినీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు? చెప్పినవారి పేరు, వయసు, తేదీ రాయండి. వారి మాటను వారి మాటగానే రాయండి. అదే విషయం మరొకరిని అడగండి. ఇద్దరి మాటా కలవకపోతే రెండూ రాయండి. తర్వాత పాత పత్రికతోనో, పంచాయతీ కాగితంతోనో సరిచూడండి. శాసనం మీద సుద్ద, నూనె రాయవద్దు. ఫోటో తీస్తే చాలు.

పగలు పని ఉన్నా రాత్రి అరుగు మీద ఒక గంట చాలు. జూన్‌లో ఆ నోటుబుక్కు సోషల్ మాస్టారికి చూపించండి. వచ్చే వార్షికోత్సవ సంచికలో మీ వ్యాసాలు చదవాలని మా ఆశ.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులం