బేపూర్ ఓడని ఇంటికి తేవడం ఎలా?

కోళికోడ్ దగ్గర, చాలియార్ నది సముద్రంలో కలిసే చోట ఉంది బేపూర్. అక్కడ కట్టే పెద్ద చెక్క ఓడే ఉరు. కాగితం మీద ప్లాన్ ఉండదట, కొలతలన్నీ మేస్త్రి బుర్రలోనే! (మనం డాక్యుమెంటేషన్ రాయకపోతే మాత్రం మార్కులు కట్.) ముందు పలకలు జోడించి ఒళ్ళు కడతారు, లోపలి పక్కటెముకలు తర్వాత.

నేను కొన్నది మూరెడు బొమ్మ ఉరు. కొనేటప్పుడు తెరచాప చూసి పడిపోకండి, అడుగు చూడండి: పలకలు విడివిడిగా అతికించారా, ఒకే చెక్క మీద గీతలు గీశారా అని. దారిలో విరిగేది ఒళ్ళు కాదు, తెరచాప కొయ్య. ఊడేదైతే తీసి విడిగా చుట్టాలి. నేను బద్ధకించా. షొరనూర్ రాకముందే పైబెర్తు నుంచి పడింది.

తాతయ్య వెదురుపుల్లతో కొత్త కొయ్య పెట్టారు. పాతదానికంటే అదే నిటారుగా ఉంది.