కొమురయ్య: ఒక పేరు, దాని అర్థము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో ఏ పల్లె పొలిమేరను నిలిచి 'కొమురయ్యా!' యని పిలిచినను, ఒకనాడు ఇద్దరు ముగ్గురైనను పలికెడివారు. ఇంత ప్రీతిపాత్రమైన ఆ పేరునకు అర్థమేమో మనము కొంచెము విచారింతము.

'కొమరుడు' అనగా కుమారుడు, పడుచువాడు. 'కొమరు' అనగా అందము, యౌవనము. పల్లెప్రజల నోట అది 'కొమురు' అయినది. 'అయ్య' గౌరవవాచకము. ఒడిలోని పసివానిని తల్లి 'అయ్యా' యని పిలుచుటలో ముద్దును మన్ననయు ఒక్కమాటలో కలిసినవి.

అయితే తల్లిదండ్రులు నిఘంటువు చూచి ఈ పేరు పెట్టలేదు. జనగామకు చేరువనున్న కొమురవెల్లి మల్లన్నను తలచి పెట్టిరి. సంక్రాంతితో మొదలై ఉగాదివరకు సాగు జాతరలో మ్రొక్కుకొని, బిడ్డ పుట్టగానే స్వామి ఊరిపేరునే వానికిచ్చిరి. ఇట్లే ఐలోని మల్లన్న భక్తుల యిండ్లలో ఐలయ్య, ఐలమ్మ. పాలకుర్తి సోమేశ్వరుని చెంత సోమయ్య. కురవి వీరభద్రుని చెంత వీరన్న. మేడారపు సమ్మక్కను కొలుచువారిలో సమ్మయ్య. పేరు విన్నంతనే ఆ యింటివారు కొలుచు వేలుపు తరచుగా తెలిసిపోవును.

ఈ యాచారము మనకే పరిమితము కాదు. ఇటలీలోని నేపుల్సు వాసులు తమ నగరమును కాచు పునీతుని తలచి మగబిడ్డలకు 'జెన్నారో' యని పేరిడుదురు. ఆ మాట జనవరి నెల పేరునకు తోబుట్టువు. అర్థము నెలకు సంబంధించినదైనను, ఆకర్షణ మాత్రము ఊరిమీది మమకారముననే యున్నది.

1946 జూలై 4వ తేదీన జనగామ ప్రాంతపు కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమురయ్య నేలకొరిగెను. ఆ మరణము తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమును రగిల్చినది. గొర్రెలకాపరుల కుటుంబమున మ్రొక్కుగా పెట్టుకొను పేరు అట్లు చరిత్ర కెక్కినది. తన భూమికై నిలిచిన పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరును ఇట్టిదే.

నేడు పలువురు ఇట్టి పేర్లను మోటువని విడుచుచున్నారు. బడిలో తోటివారు నవ్వుదురేమో యను జంకు కారణము కావచ్చును. క్రొత్త పేర్లు పెట్టుట తప్పని మేము అనము. కాని తాతపేరు మనుమనికి పెట్టు ఆచారము తెగినచో, ఆ పేరు ఏ ఊరినుండి, ఏ మ్రొక్కునుండి వచ్చినదో చెప్పు కథయు తెగును. కావున శ్రోతలు తమ యింటి పెద్దల పేర్ల వెనుకనున్న కథను పిల్లలకు ఒక్కసారియైన చెప్పవలెనని మా కోరిక. పేరు మారినను కథ నిలుచును.