సినిమా బాగుందని ఎవరు తేల్చాలి? బి. నర్సింగరావు సినిమాలు చెప్పే జవాబు

చౌటుప్పల్ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. ఒక సినిమా గొప్పదని ఎవరు చెప్పాలి? అవార్డుల కమిటీనా, టికెట్ కొన్న మనమా, ఫోన్‌లో కనిపించే వ్యూస్ నంబరా?

నన్నడిగితే వీళ్లందరికంటే ముందే ఒక జడ్జి ఉంటాడు. ఆయనే నిర్మాత. మిగతావాళ్లు తయారైన సినిమా చూసి తీర్పు చెప్తారు. నిర్మాత సినిమా పుట్టకముందే చెప్పాలి. అదీ సొంత డబ్బు పెట్టి!

మొదటి తీర్పు: 'మా భూమి'

బి. నర్సింగరావు గారిది గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్. కవి, చిత్రకారుడు కూడా. జి. రవీంద్రనాథ్‌తో కలిసి ఆయన నిర్మించిన 'మా భూమి' 1980లో విడుదలైంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం కథ. మన నల్లగొండ జిల్లా ఆ పోరాటానికి గుండెకాయ లాంటిది కదా. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల ఈ సినిమాకు ఆధారం.

ఇప్పుడు ఆయన ఎంచుకున్న మనుషుల్ని చూడండి. దర్శకుడు గౌతమ్ ఘోష్. బెంగాలీ, వయసు ముప్పై లోపే. అప్పటికి డాక్యుమెంటరీలు తీశాడు కానీ, కథా చిత్రం ఇదే మొదటిది. హీరో సాయిచంద్‌కూ ఇదే మొదటి సినిమా. గొంగడి కప్పుకుని తెర మీద బండి యాదగిరి పాట పాడింది గద్దర్.

స్టార్ లేడు, పేరున్న దర్శకుడు లేడు. మార్కెట్ లెక్కలో చూస్తే ఇందులో ఒక్కటీ కుదరదు. కానీ కథకు ఏం కావాలో చూస్తే అన్నీ కుదిరాయి. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ వంద గొప్ప భారతీయ సినిమాల జాబితా వేస్తే అందులో 'మా భూమి' ఉంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇచ్చింది, గద్దర్ పేరు మీద! ఆ గొంతు విలువ నలభై అయిదేళ్ల ముందే కనిపెట్టడం, అదీ నిర్మాత తీర్పు అంటే.

రెండో తీర్పు: 'దాసి'

ఆ తర్వాత నర్సింగరావు దర్శకుడయ్యారు. 1983లో 'రంగుల కల' తీశారు, అందులో చిత్రకారుడి పాత్ర తనే వేశారు. 1988లో 'దాసి'. దొర గడిలో వెట్టి చేసే ఒక ఆడమనిషి కథ.

'దాసి'కి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి అర్చన, ఛాయాగ్రహణం అపూర్వ కిషోర్ బీర్, కళా దర్శకత్వం తోట వైకుంఠం, దుస్తులు సుదర్శన్. ఈ సుదర్శన్ గారిది మన మిర్యాలగూడ. డ్రాయింగ్ మాస్టారు. ఆ సినిమా పేరే ఆయనకు ఇంటిపేరై 'దాసి సుదర్శన్' అయ్యారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. బట్టలకు జాతీయ అవార్డు అనగానే మనకు జిగేల్మనే పట్టుచీరలు గుర్తొస్తాయి. ఇక్కడ అవార్డు వచ్చింది వెట్టి మనిషి కట్టుకున్న చీర ఉన్న సినిమాకు. అంటే జ్యూరీ 'బట్టలు అందంగా ఉన్నాయా' అని చూడలేదు, 'ఈ కథకు ఇవి నిజమా' అని చూసింది. విడివిడిగా అవార్డులు ఎందుకంటే ఇందుకే. 'మొత్తానికి బాగుంది' అని వదిలేయకుండా ఎవరి పని ఏంటో తీసి చూడాలి. జాతీయ అవార్డుల్లో ఇప్పుడు రెండు వడపోతలున్నాయి. ముందు ప్రాంతీయ ప్యానెళ్లు చూసి కొన్ని సినిమాలను పైకి పంపుతాయి, తర్వాత సెంట్రల్ జ్యూరీ తేలుస్తుంది.

చీర తిరగేసి చూడు

మన కొయ్యలగూడెం, పోచంపల్లి వైపు నేతన్నలకు ఇది కొత్త ముచ్చట కాదు. ఇక్కత్ చీర అసలుదా, ప్రింటా అని తెలియాలంటే తిరగేసి చూస్తారు. అసలుదైతే వెనక కూడా డిజైన్ అంతే స్పష్టంగా ఉంటుంది. ఎందుకంటే నేయకముందే పోగులకు కట్లు కట్టి రంగు వేస్తారు, రంగు నూలులోనే ఉంటుంది. ప్రింటైతే వెనక వెలవెలబోతుంది.

కట్లు కట్టేటప్పుడు చూస్తే మనకు డిజైన్ కనిపించదు. కట్టేవాళ్లకే తెలుసు. మంచి నిర్మాత అలాంటివాడు. మంచి జడ్జి చీర తిరగేసి చూసేవాడు.

సినిమాను తిరగేయడం ఎలా? మూడు ప్రశ్నలు వేయండి. మ్యూజిక్ తీసేస్తే ఆ సీన్ నిలబడుతుందా? ఆ మనిషి అలాగే మాట్లాడతాడా, అలాంటి ఇంట్లోనే ఉంటాడా? వారం తర్వాత ఏం గుర్తుంది, కథా, ఎడిటింగ్ కట్‌లా?

మరి వ్యూస్?

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. మగ్గం పని చేసే వాళ్ల అమ్మ మీద ఎనిమిది నిమిషాల ఫిల్మ్ ఫోన్‌తో తీశాడట. నెల రోజుల్లో 212 వ్యూస్. 'అన్నా, డిలీట్ చేసేస్తా, ఇక తియ్యను' అన్నాడు.

తమ్ముడూ, వ్యూస్ అబద్ధం కాదు. ఎంతమందికి చేరిందో చెప్తాయి, అంతవరకే. పెట్టుబడి పెట్టిన నిర్మాతకు ఆ లెక్క కావాల్సిందే, జనం రాకపోతే ఇంకో సినిమాకు డబ్బుండదు. కానీ చేరకపోవడం వేరు, బాగోలేకపోవడం వేరు. నీ ఫిల్మ్ నేను చూశా. మధ్యలో రెండు నిమిషాలు సాగదీశావు, వాయిస్ ఓవర్ అక్కర్లేదు. కానీ అమ్మ చేతులు పోగు ముడి వేస్తుంటే కెమెరా కదపకుండా ఆగావు చూడు, అది తిరగేసి చూసినా నిలబడే షాట్. ఆ రెండు నిమిషాలు కోసి, మళ్లీ పెట్టు. డిలీట్ మాత్రం చెయ్యకు.

మిగతా ఫ్రెండ్స్‌కి హోంవర్క్. ఈ వారం మీకు నచ్చిన ఒక సినిమాకు ఆ మూడు ప్రశ్నలు వేయండి. 'సూపర్', 'వేస్ట్' అనే మాటలు వాడకుండా నాలుగు వాక్యాలు కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మంచివి చదువుకుందాం. ఉంటా మరి.