ఆట ఖరీదు ఎంతో ముందే చెప్పరెందుకు?

2025 ఏప్రిల్‌లో నింటెండో తన కొత్త గేమ్ 'మారియో కార్ట్ వరల్డ్' ధర 80 డాలర్లని ప్రకటించగానే ప్రపంచమంతటా గేములాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. మరుసటి నెలలో మైక్రోసాఫ్ట్ కూడా తన కొత్త పెద్ద గేముల్లో కొన్నింటికి అదే ధర పెడతామంది. జనం మండిపడటంతో జులైలో వెనక్కి తగ్గి 70 డాలర్లకే దిగింది. 80 డాలర్లంటే మన లెక్కలో ఏడు వేల రూపాయలకు దగ్గర. నంద్యాలలో కొలువులకు చదువుకుంటూ హాస్టల్లో ఉండే కుర్రాడికిగానీ, ఆళ్లగడ్డలో రాయి చెక్కి బతికే శిల్పి ఇంటి పిల్లాడికిగానీ ఇది అందే ధర కాదని చెప్పడానికి లెక్కలేమీ అక్కర్లేదు. కానీ అందకపోవడం వేరు, ఏళ్లు గడిచేకొద్దీ ప్రియం కావడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే మన పిల్లల విషయంలో అసలు డబ్బు ఎక్కడ పోతోందో మనకు కనిపించడం లేదు.

ముందు ప్రియమైన సంగతి చూద్దాం. 1990 ప్రాంతంలో అమెరికాలో నింటెండో కార్ట్రిడ్జ్ ధర దాదాపు 50 డాలర్లు. అక్కడి ద్రవ్యోల్బణం ప్రకారం ఆ సొమ్ము నేటి 120 డాలర్లకు సమానం. 2006 నాటి 60 డాలర్ల గేమ్ ఇప్పటి లెక్కలో 95 డాలర్ల దాకా వస్తుంది. అంటే అమెరికా వాళ్లకు గేములు చవకయ్యాయనే చెప్పాలి. ఆ కొలబద్ద మనకు పనికిరాదనే వాదన ఒకటుంది. రూపాయి విలువ పడిపోయింది, మన ఆదాయాలు వేరు అని. న్యాయమైన మాటే. అందుకని మన కొలబద్దతోనే కొలుద్దాం: ఉపాధి హామీ పథకంలో రోజుకూలి. గేములు ఆడే కన్సోల్ ప్లేస్టేషన్ 3 మన దేశంలోకి 2007లో 39,990 రూపాయల ధరతో వచ్చింది. అప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో రోజుకూలి 80 రూపాయలు. అంటే 500 రోజుల కూలి. ప్లేస్టేషన్ 5 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, ధర 49,990. అప్పటి కూలి 237 రూపాయలు, అంటే 211 రోజులు. ఆ తర్వాత ధరను 54,990కి పెంచారు, అయినా 2025-26లో ప్రకటించిన 307 రూపాయల కూలితో లెక్కిస్తే 179 రోజులకు దిగింది. ఎటు చూసినా కూలితో పోలిస్తే ధర తగ్గుతూనే వచ్చింది. కాకపోతే ఆ పథకం ఒక కుటుంబానికి హామీ ఇచ్చిన పని ఏడాదికి వంద రోజులే. ఒక్క గేము డిస్కు కొనాలన్నా, 4,999 రూపాయలంటే పదహారు రోజుల కష్టం. కాబట్టి పెట్టె మీద అచ్చువేసిన ధర ఏనాడూ మనకు అందుబాటులో లేదు. గతంలో ఇంకా దూరంగా ఉండేది, అంతే.

అలాగైతే నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా రెండు తరాల పిల్లలు గేములు ఎలా ఆడారు? ఆ ధర కట్టకుండానే ఆడారు. తొంభైల్లో టీవీకి తగిలించుకునే నకలు వీడియో గేము పెట్టెలు, వాటిలో దూర్చే పసుపుపచ్చ క్యాసెట్లు వచ్చాయి. లక్షల గేములున్నాయని పైన రాసి ఉన్నా లోపల నాలుగైదే తిప్పి తిప్పి వచ్చే క్యాసెట్లవి. ఒక వీధిలో ఒకరింట్లో పెట్టె ఉంటే ఆ వీధి పిల్లలందరికీ అదే. తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. గంటకు పదో ఇరవయ్యో ఇచ్చి వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లు. ఆ కంప్యూటర్లలో ఉన్నవి చాలావరకు దొంగ కాపీలే, ఆ సంగతి దాచి లాభం లేదు. అయితే ఆ పద్ధతిలో మూడు గుణాలుండేవి. ఎంత ఖర్చవుతుందో ఆడే ముందే తెలుస్తుంది. జేబులో డబ్బులైపోతే ఆట ఆగిపోతుంది. సీడీ గానీ క్యాసెట్టు గానీ చేతులు మారుతుంది, అరువు ఇవ్వచ్చు, సగం ధరకు అమ్ముకోవచ్చు. చిన్న ఊళ్లలో గేముల అసలు ధరను దించింది ఈ చేతులు మారడమే. ఏ కంపెనీ దయా కాదు. కంపెనీలు తలుచుకుంటే ధర దించలేవని మాత్రం అనుకోకూడదు. హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ తయారుచేసిన 'హనుమాన్: బాయ్ వారియర్'ను 2009లో సోనీ ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసినప్పుడు, విదేశీ గేముల కంటే బాగా తక్కువ ధరకే అమ్మింది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' పేరుతో గిల్లీ దండా, కబడ్డీ, గాలిపటాల ఆటలను తెర మీదికి తెచ్చింది. ఆ బాటలో నడిచిన వాళ్లు తర్వాత పెద్దగా కనబడలేదు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక కథ మారిపోయింది. డేటా చవకైంది, ఫోన్లు చవకయ్యాయి. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. తల్లిదండ్రుల దృష్టిలో ఇక గేముకు ఖర్చే లేదు, ఉన్నది సమయం వృథా ఒక్కటే. నా అభిప్రాయంలో మనం పొరబడ్డది సరిగ్గా ఇక్కడే. ధర తగ్గలేదు, బయటి నుంచి లోపలికి పోయి దాక్కుంది. గేములోకి వెళ్లాక బట్టలు, తుపాకుల రంగులు, రాయల్ పాసు, అదృష్టం మీద తెరుచుకునే క్రేట్లు ఉంటాయి. వీటిని రూపాయలతో కొననివ్వరు. రూపాయలతో యూసీలనే గేము నాణేలు కొనాలి, ఫ్రీ ఫైర్ గేములో అయితే డైమండ్లు కొనాలి, వాటితో సరుకు కొనాలి. పబ్‌జీలో యూసీలను 60, 325, 660 ఇలా కట్టలుగా అమ్మేవారు. తొలినాళ్లలో రాయల్ పాసుకు 600 యూసీలు కావాలి. దానికి సరిపడా దొరికే కట్ట 660. మిగిలిన 60 ఖాతాలో ఊరికే పడి ఉండి, ఇంకొంచెం కలిపితే ఇంకేదో వస్తుందని పిల్లాణ్ని ఊరిస్తుంటాయి. ఇది లెక్క కుదరక జరిగింది కాదు, కావాలని కుదిర్చిన లెక్క. అన్నిటికంటే చిన్న కట్ట డెబ్బై ఎనభై రూపాయలకే వస్తుంది, ఫోన్ రీచార్జి చేయించినంత తేలిక. ఇంట్లో ఎవరిదో యూపీఐ, లేదా దుకాణంలో దొరికే రీడీమ్ కోడ్ ఉంటే చాలు. నెట్ సెంటర్లో గంట అయిపోగానే యజమాని లేచిపొమ్మనేవాడు. ఇక్కడ లేచిపొమ్మనేవాళ్లు లేరు.

పైగా కొన్నదేదీ చేతిలో ఉండదు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీతో కలిపి 118 చైనా యాప్‌లను నిషేధించింది. అక్టోబర్ 30తో మన దేశంలో దాని సర్వర్లు ఆగిపోయాయి. 2021 జులైలో దాని భారతీయ రూపమైన బీజీఎంఐ వచ్చి పాత ఖాతాలను మార్చుకోనిచ్చేదాకా అందులో జనం పోసిన డబ్బంతా అందకుండా ఉండిపోయింది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు మన అధీనంలో లేదన్నదే సంగతి. ఇది ఫోన్ గేములకే పరిమితం కూడా కాదు. యూబీసాఫ్ట్ తన 'ది క్రూ' గేమును 2024 మార్చి 31న మూసేశాక, పూర్తి ధర కట్టి కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. డిస్కు పెట్టుకునే వీలే లేని డిజిటల్ కన్సోళ్లతో అరువు, పాత సరుకు అమ్మకం రెండూ పోతాయి. కూలి రోజుల లెక్కలో తగ్గిన ధర ఈ దారిన మళ్లీ పైకెక్కుతోంది. పాత డిస్కును సగానికి కొని మళ్లీ అమ్ముకునే కుర్రాడికి, అదే గేమును నెట్‌లోంచి దించుకుని దానికి కట్టుబడిపోయే కుర్రాడికి పడే ఖర్చు ఒకటి కాదు.

ఉచిత గేములో కొనమని ఎవరూ బలవంతపెట్టరు కదా అని కొందరంటారు. నిజమే, ఆడేవాళ్లలో అత్యధికులు పైసా పెట్టరు. అదే ఆ వ్యాపారానికి పునాది. పెట్టని లక్షలమంది మైదానాన్ని నింపుతారు, పెట్టే కొద్దిమంది వాళ్ల ముందు మెరుస్తారు. పద్నాలుగేళ్ల పిల్లాడు తన స్నేహితుల జట్టులో తానొక్కడే మామూలు బట్టల్లో దిగాల్సి వచ్చినప్పుడు వాడి మీద పడే ఒత్తిడిని బలవంతం కాదనడం పెద్దవాళ్లకు సులువు. పండక్కి కొత్త బట్టల కోసం పిల్లలు ఎంత పట్టుబడతారో తెలిసిన మనం, తెర మీది బట్టలకు ఆ పట్టుదల ఉండదని ఎలా అనుకుంటాం? రంగు మారినంత మాత్రాన తుపాకీ బలం పెరగదని కంపెనీలు చెప్పేది నిజమే కావచ్చు. బలం కోసం కొనేవాళ్లకైతే ఆ జవాబు సరిపోయేది.

ఇంకో అభ్యంతరం గంటల లెక్క. అయిదు వేల గేము వంద గంటలు ఆడితే గంటకు యాభై రూపాయలు, సినిమా కంటే చవక అంటారు. అయిదు వేలు ఒకేసారి తీసి ఇవ్వగలిగినవాడికే ఆ చవక దక్కుతుంది. అసలు ఈ పోలిక మనకు ఇంకో సంగతి గుర్తుచేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో సినిమా టికెట్ ధరను ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2021 ఏప్రిల్‌లో బాగా తగ్గిస్తూ ఒక జీవో, 2022 మార్చిలో 20 నుంచి 250 రూపాయల మధ్య ఉండేలా ఇంకో జీవో ఇచ్చింది. ఆ జీవోల మంచిచెడ్డల మీద రాష్ట్రమంతా వాదించుకున్నాం. వినోదానికి పేదవాడు ఎంత పెట్టాలన్నది అందరూ చర్చించాల్సిన విషయమేనని అలా ఒప్పుకున్నట్టే. అదే ఇంట్లో పిల్లాడు ఫోన్లో ఎంత పెడుతున్నాడన్న దాని మీద మాత్రం ఒక్క చర్చా లేదు.

తయారీ ఖర్చులు పెరిగాయని కంపెనీలంటాయి. అందులో అబద్ధం లేదు. 2023లో అమెరికా కోర్టులో బయటపడ్డ పత్రాల ప్రకారం 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి 22 కోట్ల డాలర్లయ్యాయి. ఏళ్ల తరబడి వందలమంది జీతాలవి. కానీ ఖర్చు పెంచుకోవాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. 2016లో వచ్చిన 'స్టార్‌డ్యూ వ్యాలీ'ని ఎరిక్ బరోన్ అనే యువకుడు దాదాపు ఒంటరిగా తయారుచేసి 15 డాలర్లకు అమ్మాడు, కోట్ల కాపీలు పోయాయి. పీసీ ఉన్నవాళ్లకు స్టీమ్ 2015 నుంచి రూపాయల్లోనే అమ్ముతోంది. 2018 చివర్లో మొదలైన ఎపిక్ స్టోర్ తరచూ గేములను ఊరికే ఇస్తోంది. చెప్పిన ధరకు నిజాయితీగా అమ్మే గేములు ఇప్పుడు ఒకప్పటికంటే ఎక్కువ దొరుకుతున్నాయి. తల్లిదండ్రులు వాటిని చూసి భయపడి, ఉచితమని రాసినవాటిని చూసి నిశ్చింతగా ఉండటమే తిరకాసు.

చట్టం కూడా సగం దారిలోనే ఆగింది. పందెం పెట్టి ఆడే రమ్మీ, పోకర్ వంటివాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు గెలుచుకునే ఆటలను ఆపి, ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు గేములను విడిగా చూసింది. ఈ విడదీయడం సరైనదే. ఫోన్లో ఏది ఆడినా జూదమేనని కొట్టిపారేసే పెద్దవాళ్లకు ఇది తెలియాలి కూడా. గేములు ఆడి ఆడి కంప్యూటర్ మీద ఇష్టం పెంచుకున్న పిల్లలే రేపు యానిమేషన్‌లోకో సాఫ్ట్‌వేర్‌లోకో వెళ్తారు. వాళ్లకు ఆట పూర్తిగా దూరం చేయడం పరిష్కారం కాదు. కానీ తిరిగి డబ్బు రాని క్రేట్ మాటేమిటి? డబ్బు పెడతావు, ఏమొస్తుందో తెలియదు, అనుకున్నది రాకపోతే మళ్లీ పెడతావు. బెల్జియం 2018లోనే డబ్బు తీసుకునే ఇలాంటి పెట్టెలను జూదంగా తేల్చింది. చైనా 2019లో పిల్లల ఖర్చుకే హద్దు పెట్టింది. ఎనిమిదేళ్ల లోపువాళ్లు అసలు డబ్బు పెట్టకూడదు, పదహారు లోపువాళ్లు నెలకు 200 యువాన్లు, పద్దెనిమిది లోపువాళ్లు 400 యువాన్లు దాటకూడదు.

చైనా పద్ధతులన్నీ మనకు తగవు. పిల్లల ఖర్చుకు హద్దు పెట్టడమనే ఈ ఒక్కటి తగుతుంది. గేములో ప్రతి వస్తువు పక్కనా యూసీల్లో కాకుండా రూపాయల్లో ధర వేయమనాలి. ఈ నెలలో ఇప్పటిదాకా ఎంత పెట్టావో తెర మీద చూపించమనాలి. పద్దెనిమిదేళ్ల లోపు ఖాతాకు నెలవారీ పరిమితి పెట్టి, దాన్ని దాటాలంటే తల్లిదండ్రుల ఫోనుకు ఓటీపీ పోయేలా చేయమనాలి. ఇవేవీ సాంకేతికంగా కష్టమైనవి కావు. మనం అడగకపోవడం వల్లే అవి లేవు. ఇంకొకటి స్థానికంగా చేయగలిగింది. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. విదేశాల్లో చాలా గ్రంథాలయాలు పుస్తకాలతో పాటు గేము డిస్కులనూ అరువిస్తాయి. జిల్లా కేంద్రమైన నంద్యాల గ్రంథాలయంలో ఒక కన్సోలు, రెండు మామూలు కంప్యూటర్లు, ఇరవై మంచి గేములు పెట్టి, పాఠకుల కార్డు మీద గంట చొప్పున ఆడనిస్తే అయ్యే ఖర్చు రెండు లక్షలు దాటదు. ఆళ్లగడ్డ శాఖకు అందులో సగం చాలు.